మామ పసుపు గిటార్

"రేపటి సంది మందులు తేకు బిడ్డా" అంది అత్త ఫోన్లో.

నేను అప్పుడు నా మెడికల్ షాపులో ఒక పెద్దాయనకు దగ్గుమందు ఎలా తాగాలో చెప్తున్నాను. ఫోను చెవి దగ్గరే ఉంది. "పొద్దున ఒక మూత, రాత్రి ఒక మూత" అని ఆయనకు పూర్తిగా చెప్పి, సీసా చేతికిచ్చి, ఆయన గొడుగు విప్పుకుని రోడ్డు దాటేదాకా చూసి, అప్పుడు స్టూలు మీద కూలబడ్డాను. మా మేనమామ చనిపోయాడన్న మాట అత్త అనలేదు. నేనూ అడగలేదు. ఆయనకు మందులు తీసుకెళ్లేది నేనే కాబట్టి మా ఇద్దరికీ ఆ ముక్క చాలు.

తర్వాత చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో లేచి మాట్లాడినవాళ్లంతా మామ జబ్బుతో గొప్పగా పోరాడాడని అన్నారు. వాళ్ల ప్రేమను కాదనను. కానీ ఆ మాట వింటుంటే నాకు ఒళ్లు మండింది. మామ పోరాడలేదు. పోరాడాలంటే అటువైపు ఎవరన్నా ఉండాలి కదా! ఒక్కో వేలు, ఒక్కో కండ చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంటే ఆయన చూస్తూ ఉన్నాడు. మేమూ చూస్తూ ఉన్నాం. అలా చూస్తూనే ఆయన ఒక గిటార్ తయారు చేశాడు. ఆ కూడికలో ఎవరూ చెప్పనిది ఆ గిటార్ సంగతే. అందుకే మీకు చెప్తున్నాను.

మామ ఆర్మూర్ మార్కెట్ యార్డులో దడ్వాయి. రైతులు తెచ్చిన పసుపు బస్తాలను కాంటా మీద పెట్టి తూకం చెప్పడం ఆయన పని. చెవుల మడతల్లో, గోళ్ల కింద, అంగీ కుట్లలో ఎప్పుడూ పసుపే. "పెండ్లికొడుకువా ఏంది మామా?" అని నేను ఏడిపిస్తే "మీ అత్తనడుగు, మాకు దినాం పెండ్లే" అనేవాడు. వంటింట్లోంచి అత్త, "ఆఁ, దినాం పెండ్లే. బట్టలు ఉతికేది మాత్రం పెండ్లికూతురే" అని అందుకునేది. వాళ్లకు పిల్లలు లేరు. మా అమ్మ, అంటే ఆయన అక్క, నా చిన్నప్పుడే పోయింది. నేను సగం వాళ్లింట్లోనే పెరిగాను.

ఆదివారం మాత్రం మామ ఒళ్లు ఎర్రబడేలా రుద్దుకుని స్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకుని చర్చిలో గిటార్ వాయించేవాడు. ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో ఎవరో వాయిస్తుంటే పక్కన కూర్చుని చూసి పట్టుకున్నాడు. ఆ పాత గిటార్ పొట్ట మీద చీలిక ఉంటే పార్సిల్ టేపు అంటించాడు. ప్రతి పాటకు ముందు తీగలు సవరిస్తూ కూర్చునేవాడు. పాస్టర్ అయ్యగారు మైకు దగ్గర గొంతు సవరించుకుంటే, "దేవునికి ట్యూనింగ్ అక్కెర లేదు అయ్యగారూ, మనకే అక్కెర" అని నవ్వేవాడు. నిజం చెప్పాలంటే ఆయన గొప్ప వాద్యగాడేం కాదు. వచ్చినవి నాలుగైదు స్వరాలు. కానీ ఆయన వాయిస్తుంటే పాడేవాళ్లకు ధైర్యంగా ఉండేది.

నాకేమో చిన్నప్పటి నుంచీ ఆత్రం ఎక్కువ. అన్నం ఉడికిందా, పరీక్ష ఫలితాలు వచ్చాయా, బస్సు కనిపించిందా అని కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. మామ ఒకటే మాట అనేవాడు: "అంకె నిలవనియ్యి బిడ్డా." బస్తా పెట్టగానే కాంటా మీద అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. అవి ఆగకముందే తూకం చెప్తే రైతుకన్నా నష్టం, కొనేవాడికన్నా నష్టం. ఆయనకు అది పనిలో అలవాటు. మనుషుల విషయంలోనూ అంతే. ఎవరి మీదైనా నేను చాడీలు చెప్తే, "ఇంక ఊగుతున్నది, ఆగనియ్యి" అనేవాడు.

జబ్బు ఎడమచేతి చిటికెనవేలుతో మొదలైంది. మామ ముందు తీగలను తిట్టాడు. "గీ తీగలు గట్టివడ్డయి, వేలు నిలుస్తలేదు" అని కొత్తవి మార్చాడు. అవీ గట్టిగానే ఉన్నాయన్నాడు. తర్వాత అంగీ గుండీలు అత్త పెట్టాల్సి వచ్చింది. ఒకరోజు నా షాపుకొచ్చి, బల్ల మీది నా నీళ్ల సీసా మూత తీయమని ఇచ్చాడు. నేను తీసి ఇచ్చాను. "మస్తు బిగిచ్చిండ్రు" అన్నాడు. అది నేను అంతకుముందే ఒకసారి తెరిచి వదులుగా పెట్టిన సీసా.

హైదరాబాద్‌లో పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ రాసిన చీటీ నా షాపుకే వచ్చింది. నరాల జబ్బు. కండరాలకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. దానికి ఒక గోలీ ఉంది. అది తగ్గించదు, కొంచెం నెమ్మది చేస్తుంది, అంతే. ఆ గోలీని హైదరాబాద్ నుంచి తెప్పించి కవర్లో పెట్టి ఇస్తుంటే మామ అడిగాడు, "దీంతోని వేళ్లు వంగుతయా?"

"జర నిలబెడతది మామా" అన్నాను.

"నిలబెడతదా? అంటే ఇంక ఊగుతున్నదన్నట్టే గదా" అన్నాడు. నేను క్యాష్ డబ్బా సర్దుతున్నట్టు నటించాను. అంతమందికి మందులు అమ్ముతాను. ఆ రోజు నా అలమరాల నిండా ఉన్న డబ్బాలను చూస్తే నాకు రోత పుట్టింది.

అప్పుడే ఆయనకు ఎలక్ట్రిక్ గిటార్ మీద మనసు పడింది. దానికి కారణం ఉంది. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సన్నగా, చెక్కకు దగ్గరగా ఉంటాయట. వేలు మెల్లగా ఆనించినా చాలునట. ఎవరో చెప్పగా విని, ఫోన్లో వీడియోలు చూసి, అదొక్కటే పట్టుకున్నాడు. తయారైంది కొనుక్కోమంటే వినలేదు. ముక్కలు ముక్కలుగా వచ్చే కిట్ తెప్పించాడు. అందులో చెక్కకు రంగూ ఉండదు, పాలిష్ ఉండదు. అవన్నీ మనమే వేసి, మనమే బిగించుకోవాలి.

"నీ చేతులతోని అయ్యే పనేనా అది?" అని అత్త కసిరింది.

"అయ్యే పని కాదనే తొందరవడుతున్న. ఉన్నన్ని దినాలు చేతులకు ఒక పని వెట్టాలె గదా" అన్నాడు. వచ్చే ఈస్టర్‌కు చర్చిలో ఒక్క పాటన్నా దాని మీద వాయించాలని ఆయన పట్టు. అప్పటికి ఎడమచెయ్యి ఎంత మిగులుతుందో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ నన్ను ఆగమనే మనిషి తానే తొందరపడటం నేను అదే మొదటిసారి చూశాను.

క్రిస్మస్ అయిన తర్వాత పార్సిల్ వచ్చింది. మంచం మీద విప్పారు. పొడుగు మెడ, మరలు, వైర్లు, తీగల చుట్టలు, మధ్యలో రంగూ రుచీ లేని ఒక పాలిపోయిన చెక్క. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి, "గింత పెద్ద రొట్టెల పీట ఎందుకయ్యా తెప్పిచ్చినవ్?" అంది. మామ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ తర్వాత ఇంట్లో దాని పేరు రొట్టెల పీటే అయింది.

ముందు చెక్కను నున్నగా చేయాలి. మధ్యాహ్నం నేను షాపు మూసి అన్నానికి వచ్చినప్పుడు ఆ పని. మామ కుడిచేత్తో సాండ్ పేపర్ రుద్దేవాడు. ఎడమచెయ్యి చెక్క కదలకుండా పైన బరువుగా ఉండేది. అలసిపోతే నాకిచ్చేవాడు. నేను ఎటుపడితే అటు రుద్దేదాన్ని. "చారల ఎంబడి రుద్దు, అడ్డం రుద్దకు. చెక్క మీద కోపానికి వస్తే చెక్కకేం గాదు" అనేవాడు. నున్నగా అయిందనుకున్నాక తడిబట్టతో తుడవమన్నాడు. తుడిస్తే నూగు లేచి మళ్లీ గరుకైంది. నేను తల పట్టుకున్నాను. "తడి తగిలితే దీనికి మీసాలు లేస్తయి. ఇప్పుడే లేపి గీకేస్తే రంగేసినంక లెవ్వయి" అన్నాడు. అదంతా ఆయన వీడియోల్లో నేర్చిందే. అయినా పుట్టినప్పటి నుంచీ అదే పని చేస్తున్నట్టు చెప్పేవాడు.

రంగు దగ్గర పెద్ద చర్చ అయింది. వీడియోల్లో నీలం, ఎరుపు, అంచులు నల్లగా నడుమ నారింజగా ఎన్నో ఉన్నాయి. మామ అన్నీ చూసి చూసి, "పసుపు పూద్దాం" అన్నాడు. పసుపు రంగు కాదు, పసుపే. యార్డులో ఈ ముచ్చట విన్న ఆలూర్ రైతు ఒకాయన మంచి కొమ్ములు ఏరి రుమాల్లో కట్టి తెచ్చిచ్చాడు. అత్త వాటిని దంచి, జల్లెడ పట్టింది. నేను షాపు నుంచి స్పిరిట్ తెచ్చాను. పసుపును స్పిరిట్‌లో నానబెట్టి, పాత చీర గుడ్డలో వడగడితే గ్లాసులోకి చిక్కటి రంగు దిగింది.

గుడ్డను అందులో ముంచి మామ మొదటి చారను తనే పూశాడు. కుడిచెయ్యి కూడా కొంచెం వణుకుతోంది. ఆ పాలిపోయిన చెక్క ఒక్కసారిగా వెలిగింది. లోపల అన్ని చారలున్నాయని మాకప్పటిదాకా తెలియదు. సుళ్లు, పాయలు, మెడ బిగించే చోట ఒక ముడి. ఒక అంచున మాత్రం ఫ్యాక్టరీ జిగురు అంటి ఉందేమో, అక్కడ రంగు పట్టలేదు. మామ దాన్ని చూపించి, "గిది దాని పుట్టుమచ్చ" అన్నాడు. మేం ముగ్గురం పసుపు చేతులతో అలాగే కూర్చుని చాయ్ తాగాం. ఆ మధ్యాహ్నం నేను షాపు తెరవలేదు. ఆ జబ్బు మా ఇంట్లో ఉందన్న సంగతి కాసేపు మరిచిపోయాను. అంత సంతోషంగా నేను మళ్లీ లేను.

తర్వాత జరిగిన పని మా ఊళ్లోవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు.

అవి పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరి చుట్టూ ఏ కల్లం చూసినా ఉడికిన పసుపు టార్పాలిన్ల మీద ఎండుతోంది. గాలి నిండా ఆ వాసనే. మాకు పసుపు అంటే తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. అందుకే మామ, "ఎండల పెట్టుండ్రి, మంచిగ ఆరాలె" అంటే ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. అత్త మిద్దె మీద టార్పాలిన్ పరిచి, దాని మీద గిటార్ చెక్కను పెట్టింది. పొద్దున ఒక పక్క, మధ్యాహ్నం ఇంకో పక్క తిప్పింది. మంచు పడుతుందని సాయంత్రం దుప్పటి కప్పింది. కల్లంలో రైతు ఎంత శ్రద్ధగా చూస్తాడో అంతకన్నా శ్రద్ధగా చూసింది. మామ మెట్లెక్కలేడు కాబట్టి కింది నుంచే, "తిప్పినవా?" అని అరిచేవాడు. "తిప్పిన!" అని పైనుంచి అత్త.

వారం తిరిగేసరికి కిందికి తెచ్చి చూస్తే చెక్క మళ్లీ రొట్టెల పీటే. రంగు పోయింది. ముందూ వెనకా పాలిపోయి, అక్కడక్కడా జ్వరం తగ్గినవాడి ముఖంలా వెలవెలబోతోంది. మెడ దూర్చే గాడిలో, ఎండ పడని లోతులో మాత్రం పసుపు పచ్చగా ఉంది.

అత్త నెత్తి కొట్టుకుంది. "అంగీ మీద పసుపు మరకైతే ఉతికి ఎండల ఏస్తా గదా పోనీకె! ఎన్ని అంగీలేసిన! నాకెందుకు యాదికి రాలె?"

ఎవరికీ రాలేదు. పసుపు మరక ఎండకు పోతుందని తెలియని ఇల్లు ఉందా? అది బట్టల సంగతి. ఇది పసుపు సంగతి. రెండూ ఒకటేనని మా ముగ్గురి బుర్రల్లో ఎక్కడా కలవలేదు. మామ నవ్వాడు. "జిందగీ అంతా పసుపు జోకినోన్ని. గీ మాట యార్డుల చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది" అన్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఆయాసం వచ్చి ఆగిపోయాడు. నాకు కోపం వస్తే ఎవరినో ఒకరిని తిట్టాలి. అక్కడ తిట్టడానికి ఎవరూ లేరు. ఎండను తిడతానా?

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అప్పటికే మామ ఎడమచెయ్యి చెక్క మీద బరువుగా కూడా నిలవడం లేదు. జారి ఒళ్లో పడిపోయేది. కుడిచేత్తో సాండ్ పేపర్ పట్టుకుంటే నాలుగు రుద్దులకు ఊడి కింద పడేది. నేను తీసి ఇచ్చేదాన్ని. మళ్లీ పడేది. మళ్లీ ఇచ్చేదాన్ని. "ఇగ నువ్వే రుద్దు బిడ్డా" అని ఆయన అన్న రోజు నేను చాలాసేపు తల ఎత్తకుండా రుద్దాను. చారల వెంబడే రుద్దాను.

ఈసారి నేను నిజామాబాద్ నుంచి ఫర్నిచర్‌కు వేసే రంగు డబ్బా తెచ్చాను. ఎండకు పోదు, నీళ్లకు పోదు అని డబ్బా మీదే రాసి ఉంది. "మామా, దీన్ని పూద్దాం. పసుపు మీద పాలిష్ వేసినా ఎప్పుడో ఒకప్పుడు వెలిసిపోతుంది. ఇది పోదు" అన్నాను.

ఆయన డబ్బా వైపు చూశాడు. "పోనిది ఏదన్న ఉంటే చెప్పు బిడ్డా, గదే పూద్దాం" అన్నాడు.

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అన్నాడు. అత్త లేచి వెళ్లి మళ్లీ పసుపు దంచడం మొదలుపెట్టింది.

ఈసారి లోపలి గదిలో, కిటికీకి దుప్పటి కట్టి, బట్టలు ఆరేసే దండేనికి వైరుతో చెక్కను వేలాడదీశాం. పైన రంగు లేని పాలిష్ నేనే కొట్టాను. పలచగా ఒక పూత, అది ఆరాక సన్నగా రుద్దుడు, మళ్లీ పూత. ఆలస్యం అమృతం విషం అంటారు కానీ పాలిష్ పనిలో తొందరే విషం. ఒకసారి ఆగలేక దట్టంగా కొట్టాను. కారి గడ్డకట్టింది. మామ కుర్చీలో కూర్చుని చూస్తూ, "దానికి చెమటలు వట్టినయి, జర ఊపిరి తీసుకోనియ్యి" అన్నాడు. పాలిష్ అమ్మినాయన మాకు ఒక గుర్తు చెప్పాడు. పైకి ఆరినట్టు కనిపిస్తుందట, లోపల మెత్తగానే ఉంటుందట. ముక్కు ఆనించి చూస్తే వాసన పూర్తిగా పోవాలట. అప్పటిదాకా ఏదీ బిగించొద్దని, ముట్టుకుంటే ముట్టుకున్న గుర్తు అలాగే ఉండిపోతుందని గట్టిగా చెప్పాడు.

దాంతో రోజూ వాసన చూడటమే మా పని. నేను వెళ్లగానే మామను కుర్చీతో సహా ఆ చెక్క దగ్గరికి జరిపేవాళ్లం. ఆయన ముక్కు ఆనించేవాడు. "వస్తున్నది" అనేవాడు. తర్వాత అత్త. తర్వాత నేను. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం వేలాడే చెక్కను ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉండేది. ఇంటికొచ్చిన వాళ్లు చూసి వింతపోయేవాళ్లు.

ఈస్టర్ వచ్చింది. చెక్క వాసన వస్తూనే ఉంది. మామను చర్చికి ఆటోలో తీసుకెళ్లాం. పాత గిటార్ ఇంట్లోనే ఉంది. అందరూ చప్పట్లు కొడుతూ పాడారు. చప్పట్లకు రెండు చేతులు కావాలి కదా. ఆయన కుడి అరచేత్తో తొడ మీద మెల్లగా తట్టుకుంటూ కూర్చున్నాడు. తాళం మాత్రం తప్పలేదు. అంతమందిలో ఏడిస్తే ఆయన చూస్తాడని నేను బయటికి వెళ్లి చెప్పులు సర్దాను.

తర్వాత కొన్ని రోజులకు, ఎండలు ముదిరాక, ఒక మధ్యాహ్నం మామ చెక్కకు ముక్కు ఆనించి, వెనక్కి వాలి, "పోయింది" అన్నాడు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విప్పారింది. "వాసన పోయింది బిడ్డా. ఆరింది."

నేను వెళ్లి ముక్కు ఆనించాను. పాలిష్ వాసన ఘాటుగా తగిలింది. నిన్న ఎంత వచ్చిందో అంత వస్తోంది. అత్త కూడా వచ్చి చూసింది. నా వైపు చూసింది.

"ఇంకోసారి చూడు మామా" అన్నాను. ఆయన మళ్లీ వంగాడు. ఈసారి నేను చెక్కను చూడలేదు, ఆయన్ను చూశాను. భుజాలు లేచాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. ముక్కుపుటాలు మాత్రం కదల్లేదు. చాలినంత గాలి లోపలికి వెళ్లడం లేదు. వాసన పోలేదు, వాసనను లాగే ఊపిరి పోయింది. తర్వాత పోయేది ఊపిరేనని డాక్టర్ మాకు ముందే చెప్పాడు. అది ఇలా, ఇంత సంతోషంగా, "ఆరింది" అంటూ వస్తుందని చెప్పలేదు.

నేను నోరు తెరిచాను. అత్త నాకన్నా ముందు అంది. "అవునయ్యా. పోయింది."

"పోయింది మామా" అన్నాను నేను కూడా.

ఇంకా ఆగితే పాలిష్ ఆరేదే. కానీ ఆ ఆరే రోజులు మా దగ్గర లేవు. ఆ సాయంత్రమే బిగించడం మొదలుపెట్టాం. మామ చెప్తుంటే నేను మరలు తిప్పాను. మెడ కూర్చింది, వైర్లు అతికించింది, తీగలు ఎక్కించింది నేనే. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా మెత్తటి పాలిష్ మీద నా వేలిముద్రలు పడుతూనే ఉన్నాయి. వాటిని కొంగుతో కప్పుతూ పనిచేశాను. అత్త దీపం పట్టుకున్నట్టు ఫోన్ లైటు పట్టుకుని నిలబడింది.

అంతా అయ్యాక మామ ఒళ్లో పెట్టాం. అత్త ఆయన ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటిగా వంచి తీగల మీద పెట్టింది. ఆయన నొక్కడానికి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కుడిచేతి వైపు నుంచి తీగ మీటితే టక్కుమని ఎండుచప్పుడు వచ్చింది. ఇంకోసారి అలాగే వచ్చింది. వేళ్లు తీగల మీద ఉన్నాయి, అంతే. అంత సన్నటి తీగలు, అంత దగ్గరి తీగలు.

"తియ్యి" అన్నాడు చివరికి. అత్త వేళ్లను తీసి ఆయన ఒళ్లో పెట్టింది. "చర్చి నుంచి స్పీకర్ తేవాలా మామా?" అని అడిగాను. కరెంటు లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ దోమ పాడినట్టే ఉంటుంది. పక్క గదిలోకి కూడా వినపడదు.

"వద్దు" అని తల మెల్లగా వంచాడు. గిటార్ పైఅంచు కొంచెం పొడుచుకొచ్చి ఉంటుంది. దాని మీద గడ్డం ఆనించాడు. "లావు తీగ మీటు" అన్నాడు. మీటాను. మాకు వినిపించింది చాలా తక్కువ. ఆయన మాత్రం కళ్లు మూసుకున్నాడు. తీగ పూర్తిగా ఆగేదాకా కదల్లేదు.

"బొక్కలల్ల మోగుతున్నది" అన్నాడు, దవడ ఎముకను గిటార్‌కు ఆనించే ఉంచి. "పండ్లల్ల, నెత్తిల, అంతటా. ఇంకోసారి మీటు."

ఎండాకాలమంతా అదే. పొద్దున, సాయంత్రం ఆయన గడ్డం ఆనించేవాడు, అత్త మీటేది. ఏ తీగో చెప్పేవాడు. మాట తగ్గాక కనుబొమ్మ ఎగరేసేవాడు, అత్తకు అర్థమయ్యేది. పాట అంటూ ఏమీ లేదు. ఒక తీగ, అది ఆగేదాకా ఊరుకోవడం, మళ్లీ ఒక తీగ. పక్కన కూర్చుని నేను ఎన్నిసార్లు చెవి ఒగ్గినా ఆయన విన్నది నాకు వినపడలేదు. ఆయన ముఖం చూసి, ఏదో మంచిదే వింటున్నాడని నమ్మాను. నేను చేయగలిగింది అంతే. ఆయనకు ఏమీ చేయలేకపోయాను. ఈ మాట ఇంకెలా తిప్పి రాసినా అబద్ధమే అవుతుంది.

గడ్డం ఆనించిన చోట పాలిష్ ఆరలేదు కదా, అక్కడ గుర్తు పడింది. మాసిన గడ్డం గరుకు సన్నటి చుక్కలుగా దిగి, మెరుపు పోయి, అరచేయంత మచ్చ అయింది. తుడుస్తుంటే చూశాను. డబ్బాలో ఇంకా పాలిష్ మిగిలే ఉంది. కొంచెం రుద్ది ఒక పూత కొడితే పోతుంది. డబ్బాను తీసి, మూత బిగించి, మళ్లీ అలమరలో పెట్టాను.

వానలు మొదలయ్యాక మామ పోయాడు. సమాధుల తోట నుంచి వచ్చాక అందరూ తలో మాట చెప్పి వెళ్లారు. గిటార్‌ను గాజు అలమరలో పెట్టించమన్నారు కొందరు. చర్చికిస్తే ఎవరన్నా కుర్రవాళ్లు వాయిస్తారన్నారు ఇంకొందరు. అత్త అందరికీ సరేనంది.

మొన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, గొళ్లెం లేదు. తోసి లోపలికి అడుగుపెట్టబోయి ఆగిపోయాను. అత్త మంచం మీద కూర్చుని ఉంది. గిటార్ ఒళ్లో ఉంది. జన్మలో ఎప్పుడూ ఏ వాయిద్యమూ పట్టని మనిషి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు వాటేసుకుని పట్టుకుంది. తల వంచి, ఆ మెరుపు పోయిన మచ్చ మీద తన గడ్డం సరిగ్గా ఆనించి, కళ్లు మూసుకుని, బొటనవేలితో లావు తీగ మీటింది. గడపలో నిలబడ్డ నాకు ఏమీ వినపడలేదు. అది ఆగేదాకా కదలకుండా ఉంది. తర్వాత మళ్లీ మీటింది.